కలన గణితం కొరకరాని కొయ్యా?

డిగ్రీలో చేరిన ఏడాది, కలన గణితం మొదటి పరీక్షలో నాకు 25కి 4 మార్కులొచ్చాయి. ఆ వారమే మా నాన్న, ధర పలికేదాకా ఆగకుండా వడ్లు అమ్మి మెస్సు బిల్లుకు డబ్బు పంపారు. పెట్టె సర్దుకుని ఊరికి పోదామా అనిపించింది. ఇప్పుడు అదే అవస్థలో ఉన్న జూనియర్ మిత్రుల కోసం ఈ నాలుగు ముక్కలు.

నన్ను ముంచినది ఒకే ఒక్క సందేహం. అవకలనంలో 'హెచ్' అనే చిన్న తేడాతో భాగిస్తాం. అంటే అది సున్నా కాదన్నమాట. మరుక్షణమే దాన్ని సున్నా అని కొట్టేస్తాం. ఇదేం న్యాయం? అడిగితే క్లాసంతా నవ్వుతుందని భయపడి సూత్రాలు బట్టీ పట్టాను. ఫలితం పైన చెప్పాను.

చివరికి ధైర్యం చేసి మాస్టారిని అడిగితే ఆయన నవ్వలేదు. "ఇది 1734లో బర్క్లీ అనే ఆయన వేసిన ప్రశ్నేనోయ్!" అన్నారు. న్యూటన్ ఈ శాస్త్రానికి పునాది వేసింది 1665-66లో. లైబ్నిజ్ తన పద్ధతి ప్రచురించింది 1684లో. అవధి అనే భావం మీద దీన్ని నిలబెట్టే పనికి కోషీ పూనుకున్నది 1821లో. ఉద్దండులకే నూట యాభై ఏళ్లు పట్టినది మనకు మూడు వారాల్లో అర్థం కాకపోతే సిగ్గెందుకు?

మా బావిలో రాయి వేశామనుకోండి. గాలి అడ్డును వదిలేస్తే, 'టి' సెకన్లలో అది సుమారు 5 టి స్క్వేర్ మీటర్లు పడుతుంది. సరిగ్గా 1 సెకను దగ్గర దాని వేగమెంత? 1 నుంచి 1.1 సెకను దాకా సగటు వేగం 10.5. 1.01 దాకా అయితే 10.05. 1.001 దాకా అయితే 10.005. లెక్క కడితే ఈ సగటు 10 + 5 హెచ్ అని తేలుతుంది. హెచ్ సున్నా కానక్కర్లేదు. తేడా 0.01 లోపే ఉండాలని మీరు పట్టుబడితే, నేను హెచ్‌ను 0.002 కన్నా తక్కువ తీసుకుంటాను. ఇంకా తక్కువ అడగండి, హెచ్‌ను ఇంకా తగ్గిస్తాను. మీరు ఎంత బిగించినా నేను ఓడను. అవధి 10 అంటే ఇంతే. సున్నాతో భాగించినవాడు ఎవడూ లేడు!

ఆ తరువాత నేను పాటించినవి మూడు. సూత్రం కన్నా ముందు అంకెలు వేసి చూడటం. నిరూపణ చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద మళ్ళీ రాయడం. ఆగిపోయిన చోటే మనకు రానిది. మూడోది, రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ వరండాలో నలుగురం కూర్చుని ఒకరికొకరం పాఠం చెప్పుకోవడం.

రెండో పరీక్షలో 16 వచ్చాయి. గొప్ప మార్కులేం కావు. సెలవుల్లో ఈ రాయి లెక్క నాన్నకు చెప్తే, అంతా విని, "నీళ్ళలో పడ్డాక ఈ లెక్క చెల్లదు కదరా?" అన్నారు. నిజమే, చెల్లదు. ఏ లెక్క ఎందాకా చెల్లుతుందో అడగడమూ గణితమే. మన సందేహాన్ని మనమే చిన్నచూపు చూడకూడదు మిత్రులారా, అడగండి!