పాపికొండల విహారము

ఆల్ప్సు పర్వతసీమలో యాత్రికులు ఉదయమున మంచుపై జారుచు విహరించి, మధ్యాహ్నమున ప్రశాంతమగు పల్లెలో భుజింతురు. గోదావరి సీమలో మంచు లేదు. అట్టి వినోదమునకు అచ్చట నదియే ఆధారము.

రాజమహేంద్రవరముకడ రెండు కిలోమీటర్లకు మించిన వెడల్పుగల గోదావరి, ఎగువన పాపికొండల నడుమ కొన్నివందల మీటర్లకు కుదించుకొనిపోవును. యాత్రికులు లాంచీలోనే భోజనము చేసి, పేరంటాలపల్లెలో దిగి, శివాలయమును దర్శింతురు. కొండరెడ్లు వెదురుతో నేర్పుగా చేసిన వస్తువులను ముచ్చటపడి కొందురు.

అయితే, ఇరుకుదారిలో నీరు లోతుగను, వడిగను పారును; వరదకాలమున సుడులు తిరుగును. 2019 సెప్టెంబరు 15వ తేదీ మధ్యాహ్నమున కచ్చులూరు సమీపమున ఒక విహారనౌక వరదనీటిలో మునిగెను. కొందరు అప్పటికే లైఫ్ జాకెట్లు విప్పియుండిరని బయటపడినవారు తెల్పిరి. ఒడ్డునున్న గ్రామస్థులు నాటుపడవలపై ప్రవాహమునకు ఎదురేగి, కొట్టుకొనిపోవుచున్నవారిని దరిజేర్చిరి. 26 మంది బ్రతికిరి. తక్కినవారిని నది కబళించెను.

ఆ గ్రామస్థులు రక్షించినవారి ఊరు, పేరు అడుగలేదు. వారి సాహసము కొనియాడదగినది. వరదవేళ ప్రయాణము మానుట, లైఫ్ జాకెట్టు విప్పకుండుట పిరికితనము కాదు. అన్నము పెట్టు నదియెడల మనుజుడు చూపవలసిన మర్యాద అదియే.