నాన్నగారి పతకం రికార్డుల్లో లేదు

ప్రశ్న: 1971 యుద్ధకాలంలో నాన్నగారు ఆర్డినెన్స్ కోర్‌లో సిపాయి. సంగ్రామ్ మెడల్ ఇంట్లోనే ఉంది, డిశ్చార్జి బుక్కులో మాత్రం రాయలేదు. ఇప్పుడు సరిచేయించుకోవచ్చా?

జవాబు: తప్పకుండా అడగండి, అది ఆయన హక్కు. ఆర్డినెన్స్ కోర్ రికార్డు ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది. ముందుగా వాళ్ల దగ్గరున్న సర్వీసు రికార్డులో ఈ పతకం నమోదైందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఫైలులో ఉండి, బుక్కులోకి ఎక్కకపోవడం కద్దు. అప్పుడు పని సులువే. అక్కడా లేకపోతే ఆధారాలు కావాలి. ఆర్మీ నంబరు, నాటి యూనిట్, తేదీలు, దొరికితే పార్ట్-2 ఆర్డర్ (సర్వీసు వివరాలు నమోదుచేసే ఉత్తర్వు) నకలు జతచేయండి. పతకం అంచున నంబరు, పేరు చెక్కి ఉంటే అక్షరాలు కనబడేలా దగ్గరగా ఫొటో తీయండి. నాన్నగారు సంతకం చేయగలిగితే దరఖాస్తు ఆయన పేరుతోనే వెళ్లాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లు రాసిపెడతారు. అసలు బుక్కు మాత్రం పోస్టులో పంపకండి.