స్థానభ్రంశ చర్యల సమీకరణాలు: ఏది మార్చొచ్చు, ఏది మార్చకూడదు

ప్ర: లెక్క కుదరకపోతే ఫార్ములాలో కింద ఉండే చిన్న అంకెను మార్చవచ్చా?

జ: కూడదు. ఆ అంకె మారితే పదార్థమే మారిపోతుంది. నీటి ఫార్ములాలో ఆక్సిజన్‌ కింద 2 చేర్చండి, అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అయి కూర్చుంటుంది. ఫార్ములా ముందు రాసే గుణకం మీదే మీకు హక్కు.

ప్ర: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్)తో అల్యూమినియం చర్యను ఎలా తుల్యం చేయాలి?

జ: సల్ఫేటును గంధకం, ఆక్సిజన్‌లుగా విడగొట్టి లెక్కపెట్టే వాళ్లే ఇక్కడ తడబడతారు. ఈ చర్యలో సల్ఫేటు చెక్కుచెదరదు, దాన్ని ఒకే ముక్కగా చూడండి. అల్యూమినియం సంయోజకత 3, సల్ఫేటుది 2. కాబట్టి అల్యూమినియం సల్ఫేటులో రెండు అల్యూమినియంలు, మూడు సల్ఫేట్లు ఉంటాయి. కుడివైపు సల్ఫేట్లు మూడు గనక మైలుతుత్తం ముందు 3 వేయాలి. దాంతో రాగి కూడా 3 అవుతుంది. చివరికి అల్యూమినియం ముందు 2.

2 అల్యూమినియం + 3 కాపర్ సల్ఫేట్ → అల్యూమినియం సల్ఫేట్ + 3 కాపర్

(నిజంగా అల్యూమినియం ముక్క వేసి చూస్తే మాత్రం వెంటనే ఏమీ జరగదు. పైనున్న ఆక్సైడ్ పొర అడ్డుపడుతుంది. చిటికెడు ఉప్పు వేస్తే చర్య ఊపందుకుంటుంది.)

ప్ర: అదే ద్రావణంలో ఇనుప మేకు వేస్తే వచ్చేది ఫెర్రస్ సల్ఫేటా, ఫెర్రిక్ సల్ఫేటా?

జ: ఫెర్రస్. గుణకాలన్నీ 1. ఫెర్రిక్ అని రాసినా లెక్క కుదురుతుంది, చిక్కంతా అక్కడే.

ప్ర: రెండువైపులా పరమాణువులు సమానమైతే చాలా?

జ: అయానిక సమీకరణానికి చాలదు, ఆవేశమూ సరిపోవాలి. సిల్వర్ నైట్రేట్‌లో రాగి తీగ ముంచితే ఒక్కో రాగి పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది. సిల్వర్ అయాన్ పుచ్చుకునేది ఒకటే. ఒకటికి ఒకటి రాస్తే ఎడమవైపు ఆవేశం +1, కుడివైపు +2. అందుకే వెండికి రెండుచోట్లా 2 వేయాలి.

ప్ర: సమీకరణం తుల్యమైతే చర్య జరిగినట్టేనా?

జ: కాదు. జింక్ సల్ఫేట్‌తో రాగి చర్యను కాగితం మీద చక్కగా తుల్యం చేయొచ్చు. ద్రావణంలో మాత్రం రాగి అలాగే పడి ఉంటుంది, చర్యాశీలత శ్రేణిలో అది జింకు కన్నా కింద ఉంది మరి.

ప్ర: పరీక్షల్లో తప్ప ఈ గుణకాలతో పనేముంది?

జ: రైలు పట్టాలు అతికే థర్మిట్ మిశ్రమాన్నే చూడండి. రెండు అల్యూమినియంలకు ఒక ఫెర్రిక్ ఆక్సైడ్, అంటే 54 గ్రాములకు 160 గ్రాములు. వచ్చే ఇనుము 112 గ్రాములు. ఒకటికి ఒకటి చొప్పున 27 గ్రాముల అల్యూమినియమే కలిపితే ఆక్సైడులో సగం ఇనుముగా మారకుండా మిగిలిపోతుంది.