ఓడెక్కే మనవరాలికి

బర్మామైన్స్,
జంషెడ్‌పూర్.

 

వచ్చే ఆదివారం నువ్వు టాటానగర్‌లో గీతాంజలి ఎక్కి బొంబాయి వెళ్తావు. అక్కణ్ణుంచి విమానంలో ఇంగ్లండ్, అక్కడ సౌతాంప్టన్ రేవు. ఆ తరవాత ఏడు నెలలు ఓడే నీ ఇల్లు. బట్టలూ పొడులూ సర్దడానికి మీ నాయనమ్మ ఉంది. నేను ఇవ్వగలిగింది ఈ నాలుగు మాటలే. ఇరవై ఆరేళ్ళు సరుకు ఓడల ఇంజన్ రూంలో ఆయిలర్‌గా చేశాను. ప్రయాణికుల ఓడలో నువ్వు చెయ్యబోయే వంటపని ఎలా ఉంటుందో నాకు తెలీదు. మొదటి రోజులు ఎలా గడుస్తాయో మాత్రం బాగా తెలుసు.

అన్నిటికంటే ముందు ఇది గుర్తుపెట్టుకో తల్లీ. మొదటి పది రోజుల్లో ‘ఈ ఉద్యోగం నాకు పడుతుందా, పడదా’ అని తేల్చుకోకు. ఆ రోజుల్లో ఒళ్ళు నీ మాట వినదు, నిద్ర పట్టదు, దారులు తెలియవు. అలాంటప్పుడు మనసు చెప్పేదంతా నిజం కాదు.

నా సంగతే చెప్తాను. మొదటి ఓడలో రెండో రోజుకే కడుపులో తిప్పడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. పనికిరాని కుర్రాడు అనుకుంటారని సిగ్గు. డ్యూటీ అవగానే బంకులో గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. రెండు రోజులు ఏమీ తినలేదు. ఓడలో వంటచేసే పెద్దాయన కనిపెట్టి, రెండు ఎండు రొట్టెముక్కలు చేతిలో పెట్టి, రెక్క పట్టుకుని పైకి తీసుకుపోయాడు. డెక్కు మధ్యలో నిలబెట్టి, ‘కింద నీళ్ళు చూడకు, ఆకాశం కలిసే ఆ గీత చూడు’ అన్నాడు. పావుగంటకి తల తిరగడం తగ్గింది. చెవిలో ఉండే తూకం ‘కదులుతున్నాం’ అంటుంది, గదిలో గోడ చూసే కన్ను ‘కదలడం లేదు’ అంటుంది. ఆ తగువే కడుపులో వికారం. దూరపు గీత చూస్తే రెండూ ఒక మాట మీదికి వస్తాయి. ఖాళీ కడుపు దాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే కొంచెం కొంచెంగా తింటూ ఉండు. మాత్ర వేసుకుంటే ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక అది కడుపులో నిలవదు. కొన్ని మాత్రలు మగత తెస్తాయి, కత్తీ పొయ్యీ దగ్గర పని నీది, ఓడ డాక్టర్ని అడిగే వేసుకో. సిబ్బంది గదులు కింది అంతస్తుల్లో ఉంటాయని దిగులు పడకు. ఊపు అక్కడే తక్కువ.

నేను దాచినట్టు నువ్వు మాత్రం దాచకూడదు. నువ్వు గ్యాలీ, అంటే ఓడ వంటగది, మనిషివి. వాంతి సముద్రం వల్ల వచ్చిందో, అంటురోగం వల్ల వచ్చిందో నువ్వు తేల్చలేవు. నోరోవైరస్ అనేది ప్రయాణికుల ఓడల్లో ఇట్టే పాకిపోతుంది, వంట చేసే చేతుల మీదుగా కూడా. దానికి శానిటైజర్ ఒక్కటే చాలదు, సబ్బూ నీళ్ళూ కావాలి. వాంతో విరేచనమో అయితే పని ఆపి వెంటనే చెప్పు. అందులో నామోషీ ఏమీ లేదు.

ఓడెక్కిన రోజే నీ బంకు నుంచి ప్రమాదంలో నువ్వు చేరాల్సిన మస్టర్ స్టేషన్‌కి రెండు దారుల్లో నడిచి చూడు. మెట్లు లెక్కపెట్టుకో, చీకట్లో అవే దారి చూపిస్తాయి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత అంటే ప్రమాద సంకేతం. అది వినపడితే చేతిలో ఏ పనున్నా సరే, మంట ఆపి నీకిచ్చిన చోటికి వెళ్ళడమే. 2012 జనవరి 13న ఇటలీ ఒడ్డున కోస్టా కాంకోర్డియా రాయికి తగిలింది. బయలుదేరి కొన్ని గంటలే అయింది. ఆ రోజు ఎక్కినవాళ్ళకి ప్రమాదంలో ఏం చెయ్యాలో చూపించే డ్రిల్లే ఇంకా జరగలేదు. 32 మంది పోయారు. ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ప్రయాణికులకి డ్రిల్ అయిపోవాలన్న నియమం 2015 నుంచి వచ్చింది. అప్పుడు వాళ్ళు దారి అడిగేది నీలాంటివాళ్ళనే. ఇంకొకటి, నీళ్ళు చొరబడని వాటర్‌టైట్ తలుపు మూసుకుంటుంటే ఎంత తొందరున్నా దూరకు. మనిషి అడ్డమొచ్చాడని అది ఆగదు.

నిద్ర గురించి మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన పనిచేసే కంపెనీలో ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు మారుతూ వచ్చేవి. సీ షిఫ్టు దిగి వచ్చాక కిటికీకి దుప్పటి కట్టి పడుకునేవాడు, పలకరించడానికి ఎవరొచ్చినా లేచేవాడు కాదు. నువ్వూ అలాగే ఉండు. అట్లాంటిక్ మీద పడమరకి పోతుంటే కొన్ని రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ గంట కబుర్లకి కాదు, నిద్రకి. అంతర్జాతీయ నియమం ప్రకారం రోజుకి కనీసం 10 గంటలు, వారానికి కనీసం 77 గంటలు నీకు విశ్రాంతి ఉండాలి. ఆ లెక్క రాసే కాగితం మీద నిజం ఉంటేనే సంతకం పెట్టు. తప్పుంటే మర్యాదగా చెప్పు, అడిగే హక్కు నీకుంది.

ఇంటి మీద బెంగ వస్తుంది, రానీ. అలసిపోయి ఉన్న రాత్రి మాత్రం ఫోన్ చెయ్యకు. ఏడుపు వినేవాళ్ళకి ఇక్కడ నిద్ర ఉండదు, నీకూ తేలిక పడదు. కడుపునిండా తిని, పడుకుని, పొద్దున్న చెయ్యి.

మా తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయినప్పుడు ఫోనూ లేదు, బంకూ లేదు. డెక్కు మీద చాప పరుచుకుని, సొంత తిండి మూటతో సముద్రం దాటాడు. 1942లో రంగూన్ జపానువాళ్ళ చేతికి పోయినప్పుడు అరకాను కొండల మీదుగా నడిచొచ్చి, చివరికి ఈ ఊళ్ళో తేలాడు. మన పేటకి బర్మామైన్స్ అని పేరు తాత వల్లే వచ్చిందని చిన్నప్పుడు నమ్మేవాణ్ణి. ఆ ఓడ గురించి ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు, పక్క చాపవాడు శొంఠికొమ్ము ఇచ్చి బతికించాడని. నీ సంచి పక్క జేబులో గుడ్డలో కట్టిన శొంఠి ఉంది చూడు. సగం నువ్వు ఉంచుకో. మిగతా సగం నీ పక్క బంకు పిల్లకి. ఆ పిల్ల ఏ దేశానిదైనా సరే, మొదటి రోజే ఇవ్వు.

స్టేషన్‌లో రాత్రంతా షంటింగ్ చప్పుడు, ఆకాశం మీద కార్ఖానా ఎరుపు, వీటి మధ్య పెరిగిన దానివి. పెళ్ళికని మన ఊరు శ్రీకాకుళం తీసుకెళ్తే, చప్పుడు లేదని నిద్రపోలేదు నువ్వు. ఓడలో మొదట ఇంజన్ రొద చెవులు తినేస్తుంది. ఒకరోజు అది ఒక్క క్షణం ఆగితే దిగ్గున లేచి కూర్చుంటావు. ఆ రోజు ఓడ నీ ఇల్లయినట్టు. అప్పుడు రాయి, ఉద్యోగం నచ్చిందో లేదో.

ఆశీస్సులతో,
తాతయ్య