ఐస్ హాకీ ప్రపంచ పోటీలు – ఏ దేశం ఆడాలో ఎలా నిర్ణయిస్తారు?

హాకీ అనగానే మనకు పచ్చని మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తుకు వస్తారు. కాళ్ళకు స్కేట్లు కట్టుకుని, గడ్డకట్టిన నీటి మీద జారుతూ ఆడే మరో హాకీ కూడా ఉంది. అదే ఐస్ హాకీ. మన ఊళ్ళలో ఈ ఆట లేదు. అయినా దీని పోటీలను నడిపే పద్ధతి మనం తప్పక తెలుసుకోదగినది. ఎందుకంటే ఏ పోటీకైనా మొదట వచ్చే ప్రశ్న "ఎవరు గెలిచారు?" అన్నది కాదు, "ఎవరిని ఆడనిచ్చారు?" అన్నది.

మనం హాస్టళ్ళ మధ్య కబడ్డీ పోటీ పెడితే చీట్లు వేసి జట్లను జతపరుస్తాం. మొదటి రోజే గట్టి జట్టు తగిలి ఓడినవాళ్ళు "మాకు చీటీ బాగా పడలేదు" అని బాధపడుతూ తిరిగి వెళతారు. అందులో కొంత నిజం ఉంది. ఈ బాధను తగ్గించడానికి ఒక అంతర్జాతీయ సంస్థ ఎలాంటి నియమాలు పెట్టుకుందో ఇప్పుడు చూద్దాం.

ఆట పరిచయం

ఒక్కొక్క జట్టు నుండి గోల్ కీపరుతో కలిపి ఆరుగురు ఒకేసారి ఆడతారు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దానిని పక్ అంటారు. దాని వ్యాసం 7.62 సెంటీమీటర్లు, మందం 2.54 సెంటీమీటర్లు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది. ఆడే స్థలాన్ని రింక్ అంటారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం దాని పొడవు 60 మీటర్లు, వెడల్పు 26 నుండి 30 మీటర్లు.

అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య 1908లో పారిస్‌లో ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో ఉంది. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో ఈ ఆట తొలిసారి చోటు సంపాదించింది. అప్పుడు కెనడా గెలిచింది. మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1990లో కెనడాలోని ఒట్టావాలో మొదలైంది. ఒలింపిక్స్‌లో మహిళల పోటీ 1998లో జపాన్‌లోని నాగానోలో ప్రవేశించింది.

నిర్వాహకుల మొదటి చిక్కు – మంచు

1930లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను ఫ్రాన్స్‌లోని షామొనీలో ప్రారంభించారు. అక్కడ ఉన్నది సహజమైన మంచు. ఎండకు అది కరిగిపోయింది. చేసేది లేక మిగిలిన ఆటలను బెర్లిన్, వియన్నా నగరాలకు మార్చవలసి వచ్చింది. వాతావరణాన్ని నమ్ముకుని ప్రపంచ పోటీ పెట్టకూడదని ఆ అనుభవం నేర్పింది.

ఇప్పుడు పెద్ద పోటీలు కృత్రిమ రింకుల్లో జరుగుతాయి. కాంక్రీటు నేల లోపల గొట్టాలు అమర్చి, వాటిలో గడ్డకట్టని చల్లని ద్రవాన్ని ప్రవహింపజేస్తారు. పైన చల్లిన నీరు పొరలు పొరలుగా గడ్డకడుతుంది. స్కేట్ల రాపిడికి మంచు గరుకుగా మారుతుంది కాబట్టి విరామ సమయంలో ఒక యంత్రం పైపొరను గీకి, వేడి నీటిని పలుచగా పరచి నునుపు చేస్తుంది. ఈ యంత్రాన్ని 1949లో అమెరికాలో ఫ్రాంక్ జాంబోనీ తయారు చేశాడు. ఆయన పేరే యంత్రానికి పేరైపోయింది.

రెండవ చిక్కు – ఎన్ని ఆటలు?

ఇది చిన్న లెక్క. లీగ్ పద్ధతిలో ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఒకసారి ఆడాలి. జట్ల సంఖ్యను దానికన్నా ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి, రెండుతో భాగిస్తే ఆటల సంఖ్య వస్తుంది.

పురుషుల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పై స్థాయిలో 16 జట్లు ఉంటాయి. అందరినీ అందరితో ఆడిస్తే 120 ఆటలవుతాయి. ఆటగాళ్ళకూ, రింకులకూ అది మోయలేని భారం. అందుకని ఎనిమిదేసి జట్ల చొప్పున రెండు గ్రూపులు చేస్తారు. ఒక్కొక్క గ్రూపులో 28 ఆటలు. రెండింటికీ కలిపి 56. ప్రతి గ్రూపు నుండి నాలుగు జట్లు క్వార్టర్ ఫైనల్‌కు వెళతాయి. క్వార్టర్ ఫైనల్స్ 4, సెమీ ఫైనల్స్ 2, మూడవ స్థానం కోసం ఒకటి, ఫైనల్ ఒకటి. మొత్తం 64 ఆటలు.

మరి గట్టి జట్లన్నీ ఒకే గ్రూపులో పడితే? అలా జరగకుండా ర్యాంకుల ప్రకారం పంచుతారు. 1, 4, 5, 8, 9, 12, 13, 16 ర్యాంకులు ఒక వైపు, 2, 3, 6, 7, 10, 11, 14, 15 మరో వైపు. రెండు వైపులా ర్యాంకులను కూడి చూడండి. రెండు మొత్తాలూ 68 వస్తాయి.

ర్యాంకు ఎలా లెక్కిస్తారు?

ప్రపంచ ర్యాంకుల పద్ధతిని సమాఖ్య 2003లో ఆమోదించింది. ఛాంపియన్‌షిప్ విజేతకు 1200 పాయింట్లు, రెండవ స్థానానికి 1160, మూడవ స్థానానికి 1120, నాలుగవ స్థానానికి 1100 ఇస్తారు. తరువాతి స్థానాలకు ఇలాగే తగ్గుతూ పోతాయి. నిరుటి ఫలితంలో 75 శాతం, అంతకు ముందు ఏడాది ఫలితంలో 50 శాతం, దానికి ముందు ఏడాది ఫలితంలో 25 శాతం మాత్రమే లెక్కలోకి వస్తాయి. ఒలింపిక్స్ ఫలితాలను కూడా కలుపుతారు.

ఉదాహరణకు ఒక జట్టు ఈ ఏడాది మొదటి స్థానంలో, నిరుడు రెండవ, ఆ ముందు మూడవ, ఆ ముందు నాలుగవ స్థానంలో నిలిచిందనుకుందాం. దాని ఛాంపియన్‌షిప్ పాయింట్లు 1200 + 870 + 560 + 275 = 2905. అంటే పాత కీర్తికి విలువ ఉంటుంది గాని, ఏటేటా తరిగిపోతుంది.

పైకి ఎక్కే మెట్లు

సమాఖ్యలో 80కి పైగా సభ్య దేశాలు ఉన్నాయి. పై స్థాయిలో 16 జట్లకే చోటు. మిగిలినవారికి డివిజన్లు ఉన్నాయి. చాలా డివిజన్లలో మళ్ళీ ఎ, బి అని మెట్లు ఉంటాయి. డివిజన్ 1ఎలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు మరుసటి ఏడాది పై స్థాయికి వెళతాయి. పై స్థాయిలో ప్రతి గ్రూపులో చివర నిలిచిన జట్టు కిందికి దిగుతుంది. అలాగని ఎవరికీ శాశ్వతంగా తలుపు మూసివేయరు.

దీనికి గ్రేట్ బ్రిటన్ చక్కని ఉదాహరణ. 1936 ఒలింపిక్స్‌లో స్వర్ణ పతకం గెలిచిన జట్టు అది. 1994లో పై స్థాయి నుండి దిగిపోయి, 24 ఏళ్ళు తిరిగి రాలేకపోయింది. 2017లో డివిజన్ 1బి గెలిచింది. 2018లో బుడాపెస్ట్‌లో డివిజన్ 1ఎ ఆడింది.

ఆ కథ అర్థం కావాలంటే పాయింట్ల పద్ధతి తెలియాలి. మామూలు సమయంలో గెలిస్తే 3 పాయింట్లు. సమానమై, అదనపు సమయంలోగాని షూటౌట్‌లోగాని గెలిస్తే 2, అలా ఓడితే 1. మామూలు సమయంలోనే ఓడితే సున్న.

చివరి ఆటలో హంగరీ మీద బ్రిటన్‌కు ఒక్క పాయింటు చాలు. కాని హంగరీ రెండు గోల్స్ ముందుకు వెళ్ళింది. బ్రిటన్ ఒక గోల్ తిరిగి ఇచ్చింది. ఇక 16 సెకన్లు ఉన్నాయనగా రాబర్ట్ ఫార్మర్ స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో బ్రిటన్ ఓడిపోయింది. అయినా ఆ ఓటమి తెచ్చిన ఒక్క పాయింటుతోనే డివిజన్ విజేతగా పై స్థాయికి వెళ్ళింది! మరుసటి ఏడాది స్లొవేకియాలో వరుసగా ఆరు ఆటలు ఓడి, చివరి ఆటలో ఫ్రాన్స్ మీద 0–3తో వెనుకబడి కూడా అదనపు సమయంలో 4–3తో గెలిచి తన స్థానం నిలుపుకుంది. ఫ్రాన్స్ కిందికి దిగింది.

నియమాలకు వచ్చే పరీక్షలు

ఒలింపిక్స్ పురుషుల పోటీలో 12 జట్లే ఆడతాయి. 2026 మిలాన్–కోర్టినా ఒలింపిక్స్‌కు ఆతిథ్య దేశం ఇటలీకి ఒక స్థానం, 2023 ర్యాంకుల్లో మొదటి 8 దేశాలకు ఎనిమిది, అర్హత పోటీల విజేతలకు మూడు స్థానాలు కేటాయించారు. 2024లో జరిగిన ఆఖరి అర్హత పోటీల్లో స్లొవేకియా, లాట్వియా, డెన్మార్క్ గెలిచాయి. మొదటి ఎనిమిదిలో రష్యా కూడా ఉంది. ఉక్రెయిన్ యుద్ధం కారణంగా 2022 నుండి రష్యాను పోటీలకు దూరంగా ఉంచారు. దాని స్థానం ఫ్రాన్స్‌కు దక్కింది.

ఆతిథ్య దేశానికి నేరుగా చోటివ్వడం న్యాయమేనా? 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కు ముందు ఈ ప్రశ్న గట్టిగా వచ్చింది. చైనా పురుషుల జట్టు ర్యాంకు అప్పుడు 32. చర్చ జరిగిన తరువాత ఆడనిచ్చారు. చైనా ఒక్క ఆట కూడా గెలవలేదు. ఆతిథ్య దేశం ఆడితే అక్కడి పిల్లల్లో ఆట మీద ఆసక్తి పెరుగుతుందని కొందరి వాదన. మంచి ర్యాంకున్న జట్టు ఒకటి ఇంటి దగ్గర ఉండిపోవలసి వస్తుందని మరికొందరి వాదన. రెండింటిలోనూ బలముంది. ఏ నియమమైనా పోటీకి ముందే ప్రకటించి, అందరికీ ఒకేలా వర్తింపజేస్తే ఓడినవారు కూడా ఒప్పుకుంటారు.

మన దేశం సంగతి

భారతదేశం 1989లో సమాఖ్యలో సభ్యత్వం పొందింది. లడఖ్‌లో చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద పిల్లలు ఈ ఆట నేర్చుకుంటారు. మంచు కరిగితే సాధన ఆగిపోతుంది. అలాంటి పరిస్థితుల నుండి వచ్చిన మన అమ్మాయిలు 2025లో యు.ఎ.ఇ.లోని అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో కాంస్య పతకం గెలిచారు. పై స్థాయికి ఇంకా చాలా మెట్లున్నాయి. కాని మెట్లున్నచోట ఎక్కడానికి వీలుంటుంది.

మిత్రులారా! ఈసారి మన ఆటల పోటీలకు జట్లను జతపరిచేటప్పుడు ఈ పాఠాన్ని గుర్తు చేసుకుందాం. నిరుటి ఫలితాలు చూసి గట్టి జట్లను వేరువేరు గ్రూపుల్లో వేద్దాం. పాయింట్లు సమానమైతే ఏం చేయాలో ముందే నోటీసు బోర్డు మీద రాద్దాం. ఓడిన జట్టుకు కనీసం మరో ఆట ఉండేలా చూద్దాం. అప్పుడు "మాకు చీటీ బాగా పడలేదు" అనే మాట వినపడదు.