గులాబీ రంగు కాలనీ కొత్త జాతేనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. సముద్రపు నీటిని ప్లేటు మీద పరిస్తే గులాబీ రంగు కాలనీ ఒకటి వచ్చింది. అది కొత్త బ్యాక్టీరియా అని ఎలా తేల్చుకోవాలి?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: రంగు చూసి తొందరపడకండమ్మా. ముందు అది కల్తీ లేని కల్చర్ కావాలి. ఆ కాలనీని లూప్‌తో తీసి కొత్త మెరైన్ అగార్ ప్లేటు మీద గీతలుగా పూయండి. కాలనీలన్నీ ఒకేలా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు ఇలాగే చేయండి.

తర్వాత 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువును చదివించండి. తెలిసిన జాతులతో పోలిక 98.7 శాతానికి తగ్గితే కొత్తదయ్యే అవకాశం బలంగా ఉంటుంది. అంతకు మించినా ఆశ వదలొద్దు. మొత్తం జీనోమ్‌ల పోలిక 95–96 శాతం లోపుంటే వేరే జాతిగానే లెక్క. ఎంత ఉప్పు, ఎంత వేడి తట్టుకుంటుందో, దాని కొవ్వు ఆమ్లాలేమిటో కూడా నమోదు చేయాలి. పేరు చెల్లాలంటే కల్చర్‌ను రెండు వేర్వేరు దేశాల్లోని భాండాగారాల్లో భద్రపరచాలి.

మీ విశాఖ తీరపు నీటిలో దొరికిన ఒక బ్యాక్టీరియా 2007లో రోడోబాక్టర్ వినయ్‌కుమారి పేరుతో శాస్త్రలోకానికి పరిచయమైంది.

ఓపిక ముఖ్యం. సార్గాసో సముద్రంలో సార్11 అనే బ్యాక్టీరియా జన్యువు 1990లో కనబడితే, ఆ జీవిని పెంచగలిగింది 2002లో. అదీ అగార్ మీద కాదు, శుద్ధిచేసిన సముద్రపు నీటిలోనే. కొన్ని నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి ప్లేట్లను రెండు రోజులకే పారేయకండి, వారాలపాటు గమనించండి.