క్రెడిట్ కార్డు పాయింట్లు: ఒక చిన్న లెక్క

ఖర్చు చేస్తే డబ్బు తిరిగి వస్తుందని కార్డులవారు మన ఇండ్లకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఎంత వస్తుందో మేము లెక్క వేసి చూశాము. ఏటా 60,000 రూపాయలు వాడితే, నూటికి ఒకటి చొప్పున వచ్చేది 600. కార్డు రుసుము 500 అనుకొంటే, దానిపై 18 శాతము జి.ఎస్.టి. 90. మిగిలినది పదే రూపాయలు! (ఇంటి అద్దె, పెట్రోలు వంటివాటికి పాయింట్లివ్వని కార్డులెన్నో.)

బిల్లులో కనీస మొత్తము మాత్రమే కట్టినవారి సంగతి వేరు. మిగిలిన బాకీపై నెలకు నూటికి మూడు, మూడున్నర వడ్డీ పడుతుంది. పైగా కొత్తగా కొన్నవాటికి కూడా కొన్ననాటి నుండే వడ్డీ.

జీతపు చీటీ లేని పెద్దలకు ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీపై కార్డులిచ్చే బ్యాంకులున్నవి. ఏటి ఖర్చు ఎంత దాటితే రుసుము మాఫీ అవుతుందో ముందుగా అడిగి, ఆ తరువాతే సంతకము చేయండి.